ముద్ద పెట్టని బొంత

క్రిస్మసు ముందొచ్చే ఆగమన కాలం రెండో ఆదివారం, గుడిలో పూజ చూసుకుని కుప్పంలోని మా ఇంటికొచ్చి పొయ్యి ముట్టించేసరికి ఫోను మోగింది. బెంగళూరు నుంచి సిస్టర్ లూర్దు.

"జ్ఞానమ్మ గారూ, మీ బొంత ఒకటి ఇక్కడ అలక పుట్టించిందండీ," అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

హోసూరు రోడ్డు మీద, ఎలక్ట్రానిక్ సిటీ దాటాక, అక్కడి బిషపు గారి మేత్రాసనం నడిపే ఆశ్రమం ఒకటుంది. రోడ్ల పక్కన, బస్టాండుల్లో పడిపోయినవాళ్ళను తెచ్చి చూసుకునే చోటు. రెండు నెలల కిందట జ్వరంతో ఒక ముసలామె వచ్చింది. పేరు చెప్పదు, ఊరు చెప్పదు. రిజిస్టరులో 'అవ్వ' అని మాత్రం రాసుకున్నారు. మాట వింటే మా వైపు మాటే. చలి ముదిరిందని మొన్న ఆమెకు నేను పంపిన బొంతల్లో ఒకటి ఇచ్చారట. ఆమె నాలుగు మూలలూ తడిమి చూసి, నాలుగో మూల కుట్టు పంటితో కొరికి విప్పి, లోపలికి తొంగిచూసి, బొంతను మడిచి కాళ్ళ దగ్గర పెట్టేసిందట. కంబళి ఇస్తే కిందికి తోసేసింది. మూడు రోజులుగా చీర కొంగు ఒక్కటే కప్పుకుని పడుకుంటోంది.

"ఛాతీలో మళ్ళీ నెమ్ము చేరితే ఈసారి తట్టుకోలేదని డాక్టరు గారు చెప్పారు. 'ఆకలి బొంత, ఆకలి బొంత' అంటోందండీ. మాకేం అర్థం కావట్లేదు."

నాకు అర్థమైంది. చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది.

మా వైపు పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుడతాం. మూడు మూలలు మూసి నాలుగోది తెరిచి ఉంచుతాం. దాన్ని ఏ ఇంట్లో కప్పుకుంటారో ఆ ఇంటివాళ్ళు తినే గింజలు చిటికెడు ఆ మూలలో వేసి, కప్పుకునే మనిషి పేరు పలికి ముడి వేస్తాం. దాన్నే బొంతకు ముద్ద పెట్టడం అంటాం. ముద్ద పెట్టకపోతే బొంత ఆకలితో ఉండి మనిషి ఒంటి వేడి తినేస్తుందని మా అమ్మ చెప్పేది. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలూ, జపాలూ, ఈ కుట్టూ అన్నీ మా అమ్మ దగ్గర ఇంట్లోనే నేర్చుకున్నాను.

మా ఆయన బెంగళూరులో మేస్త్రీ పని చేసేవాడు. పదకొండేళ్ళ కిందట జబ్బుపడి చివరి నలభై రోజులు ఆ ఆశ్రమంలోనే గడిపాడు. చేసినదానికి వాళ్ళు నా దగ్గర ఏమీ తీసుకోలేదు. అందుకని ఏటా పన్నెండు బొంతలు కుట్టి పంపుతున్నాను. పంపడమే, ఆయన పోయాక నేను వెళ్ళింది లేదు. ఆ గేటు చూస్తే కాళ్ళు ఆడవేమోనని భయం.

మొదటి ఏడాది అన్ని బొంతల్లోనూ మా ఇంటి రాగులే వేశాను. వానాకాలంలో ఉతికితే ఆరక, ఒక బొంత మూల పచ్చగా మొలకెత్తింది. సిస్టర్ ఫోను చేసి, "మీ బొంతకు నీళ్ళు పోయమంటారా, కోత కొయ్యమంటారా?" అని ఒకటే నవ్వు. ఇక గింజలు వద్దన్నారు. సరేనని ఆ మరుసటి ఏడు నుంచీ ఖాళీ మూలలే కుట్టి పంపుతున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. ఇన్నేళ్ళకు ఒక అవ్వ కనిపెట్టింది.

మంగళవారం తెల్లవారుజామున లేచి, డబ్బాలోంచి రాగులు తీసి గుడ్డసంచిలో పోసుకున్నాను. సూది, దారం, రెండు ఇడ్లీలు పెట్టుకుని ఆరుంపావు బండి ఎక్కాను. టికెట్టు ముప్పై అయిదు. ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట: డిసెంబరులో కిటికీ పక్కన కూర్చునేట్టయితే చెవులకు గుడ్డ కట్టుకోండి, కానీ కిటికీ మాత్రం మూయకండి. బిసానత్తం దాటాక మంచు ఎంతగా కమ్ముకుందంటే, బండి నిలబడి ఉండగా చెట్లే ఒక్కొక్కటిగా నడుచుకుంటూ వచ్చి మమ్మల్ని చూసి పోతున్నట్టు ఉంది. జపమాల చేతిలో తిరుగుతూనే ఉంది. ఎన్నో పూస దగ్గర నిద్రపట్టిందో తెలియదు. కలలో మా అమ్మ వాకిట్లో కూర్చుని బొంత కుడుతోంది. ఆ బొంతకు అంచు లేదు, పొలం దాకా వెళ్ళిపోయింది.

టేకల్‌లో చామంతి బుట్టలతో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఎక్కేసరికి మెలకువ వచ్చింది. పెట్టె అంతా తడి పూల వాసన. నా ఎదుట కూర్చున్నామె పేరు రత్నమ్మ. కూర్చోగానే నా సంచి నొక్కి చూసింది.

"ఏముండాదక్కా ఇందులో? రాగులా! బెంగళూరుకు రాగులు మోసకపోతా ఉండావే, ఆడ దొరకవా?"

"దొరుకుతాయమ్మా. ఇవి మా ఇంటివి."

"మీ ఇంటి రాగులకేమన్నా కొమ్ములుండాయా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. విషయం చెప్పాక రత్నమ్మ కాస్త ఆలోచించి, "బొంతకు ముద్ద మా అవ్వా పెట్తా ఉండె. ఇప్పుడు ఎవురు పెడ్తారు, అంతా అంగడి రగ్గులే," అని రెండు చామంతులు నా చేతిలో పెట్టింది. "ఒకటి నీకు, ఒకటి ఆ యవ్వకు."

తొమ్మిదికి కంటోన్మెంటులో దిగాను. ఆశ్రమం వ్యాను వస్తుందని సిస్టర్ చెప్పింది. తెల్ల వ్యాను పక్కన నుదుట నామంతో ఒక పెద్దాయన నిలబడి టీ తాగుతున్నాడు.

"కుప్పం బొంతలమ్మ మీరేనా? రాండమ్మా. నేను శ్రీనివాసప్ప. స్వల్ప సుత్తకొని, రెండు తావుల నిలిచి పోతాము, బేజారు పడాకండి."

పాత బెంగళూరు నగర్తపేటలో పుట్టి పెరిగిన మనిషి. ముందు అద్దం దగ్గర తిరుపతి వెంకన్న పటం, దానికే ఒక జపమాల తగిలించి ఉంది. నేను దాన్ని చూడటం చూసి, "ముందుండిన ఫాదర్ ఇచ్చిపోయినాడు. ఇద్దరూ ఒకే బండిలో వస్తా ఉండారు, ఇంతవరకు ఏం గలాటా లేదు," అన్నాడు.

పందొమ్మిదేళ్ళుగా మేత్రాసనం బండే తోలుతున్నాడట. "మీ పండగలు నాకు క్యాలెండరు చూసి తెలియవమ్మా, బండి బరువు చూసి తెలస్తాయి. ఈస్టరు ముందు తపస్సు కాలమా, బియ్యం మూటలు. వెనక టైర్లు కూర్చుండిపోతాయి. జూన్‌లో నోటుపుస్తకాలు. వానల్లో మందుల పెట్టెలు, ఒక డాక్టరమ్మ, ఆమె కసుర్లు. నవంబరులో సమాధుల పండగైతే పూలు, అది తేలిక. ఆ వెనకాలే మీ బొంతలు. ఇంక ఈ నెల చూడండి, జైల్లో ఉండేవాళ్ళకు కేకులు. కేకులుంటే గుంతల్లో దించకూడదు, నా ప్రాణం తీస్తారు."

పూజల్లో ఏడాది పొడవునా 'అక్కరలో ఉన్నవారి కొరకు' అని మనం చెప్పే మాట ఒక టైరు మీద ఎంత బరువుగా కూర్చుంటుందో నేను అంతవరకు అనుకోలేదు.

నగర్తపేట సందులో పది నిమిషాలు ఆగాం. ఏటా క్రిస్మసు ముందు ఒక బట్టల వ్యాపారి తుండుగుడ్డలూ దారపు ఉండలూ ఇస్తాడట. ఆయన హిందువు, ఎందుకు మొదలుపెట్టాడో ఎవరికీ చెప్పడు. శ్రీనివాసప్ప లోపలికి వెళితే నేను బండిలోనే కూర్చున్నాను. సందు పైన సన్నటి ఆకాశం. జరీ పట్టీలు భుజాన వేసుకుని ఒకాయన నడిచిపోతుంటే గోడల మీద ఎండ చుక్కలు వెంట వెళ్ళాయి. ఎక్కడో లోపల కుట్టు మిషన్ల చప్పుడు, అలలు అలలుగా. మళ్ళీ కళ్ళు మూతలు పడ్డాయి.

పదకొండుకు బొమ్మనహళ్ళి. గార్మెంట్సు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళ కోసం మేత్రాసనం అక్కడ ఒక చిన్న ఇల్లు నడుపుతోంది. పిల్లలను చూసుకుంటారు, కాగితాలు నింపి పెడతారు, మేనేజరు తిడితే ఎవరికి చెప్పాలో చెబుతారు. దారపు ఉండలు దించేది అక్కడే. ముందుగదిలో చీర ఉయ్యాలలు ఆరేడు, అన్నింట్లో పసివాళ్ళు నిద్రలో ఉన్నారు. ఒక్క ఆయా మధ్యలో కూర్చుని అన్ని తాళ్ళూ ఒకే చేత్తో పట్టుకుని లాగుతోంది. ఆ గది మొత్తం ఒకే ఊపున ఊగుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి, వాళ్ళ తల్లుల కోసం దేవమాతకు ఒక మంగళవార్త జపం చెప్పుకున్నాను.

పన్నెండు కొట్టేసరికి ఆశ్రమం గేటు. కాళ్ళు ఆడాయి, దేవునికి వందనాలు. ఎడమవైపు మగవాళ్ళ హాలు, కుడివైపు ఆడవాళ్ళది. నేను తల ఎడమకు తిప్పలేదు. సిస్టర్ లూర్దు పరుగులాంటి నడకతో ఎదురొచ్చింది. గుంటూరు వైపు మనిషి, పొట్టిగా ఉంటుంది, మాట ముందు వస్తుంది.

"రండి రండి. పొద్దున్న కూడా బొంత ముట్టుకోలేదండీ. రాత్రంతా దగ్గు."

కిటికీ పక్క మంచం మీద అవ్వ గోడకు ఆనుకుని మోకాళ్ళు ముడుచుకుని ఉంది. చేతులు చిన్నవి, వేళ్ళ చివర్లు గట్టిబడి ఉన్నాయి. కాళ్ళ దగ్గర నా బొంత చక్కగా మడిచి ఉంది, నాలుగో మూల నోరు తెరుచుకుని. నాకు ఆ మూల వైపు చూడ్డానికే సిగ్గేసింది.

"అవ్వా, ఈ బొంత కుట్టింది నేనే. తప్పు నాదే."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వా? కుట్టు బాగుండాది. చేతిలో పనుండాది. బుద్ధే లేదు."

వెనక సిస్టర్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను చామంతి ఇచ్చాను. ఆమె వాసన చూసి దిండు కింద పెట్టుకుంది. సంచి విప్పి రాగులు చూపించాను. చిటికెడు తీసి మూలలో వెయ్యబోతే నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా, రాయిలా ఉంది.

"ఎవురింటివి ఇవి?"

"మా ఇంటివే అవ్వా."

"నీ ఇంటి రాగులు నా బొంతలో ఎందుకు? నేనేమన్నా నీ ఇంట్లో పండుకుంటా ఉండానా?"

నిజమే కదా. ఎనభై మైళ్ళు మోసుకొచ్చిన గింజలు ఒడిలో పెట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయాను. మొదటి ఏడాది కూడా తప్పే చేశానని అప్పుడే తెలిసింది.

"అయితే మీ ఇల్లు ఎక్కడో చెప్పండి. అక్కడి గింజలే తెప్పిస్తాను."

ఆమె కిటికీ వైపు తిరిగింది. మాట్లాడింది నాతో కాదు, కిటికీతో.

"బొమ్మనహళ్ళిలో గార్మెంట్సులో దారాలు కత్తిరిస్తా ఉంటి. రూము ఉండె. జ్వరమొచ్చె, రూమాయన మూట బయట పెట్టె. పేరు చెప్తే ఊరడుగుతారు. ఊరు చెప్తే బస్సెక్కిస్తారు. ఆడ ఎవురుండారని పోయేది? నన్ను కన్న ఇల్లు పడిపోయి ఎన్నేండ్లో. ఇల్లు లేనిదానికి ముద్ద లేదు. ముద్ద లేని బొంత నాకొద్దు. నన్ను ఇట్లే ఉండనీ."

అని దగ్గింది. దగ్గుతుంటే మంచం కదిలింది. సిస్టర్ వచ్చి వీపు నిమిరింది. దేవమాతను తలుచుకున్నాను. ఏమీ అడగలేదు, ఊరికే తలుచుకున్నాను.

అప్పుడే భోజనం గంట మోగింది. కంచాల్లో అన్నం, క్యాబేజీ సాంబారు. నాకూ ఒక కంచం పెట్టారు. అన్నం ఒక వింతగా ఉంది. ఒక గింజ మెత్తగా, ఒకటి పలుకుగా, ఒకటి లావుగా ఎర్రటి చారతో. వడ్డిస్తున్న వంటామె ఫిలోమినా నా ముఖం చూసి అందుకుంది: "ఏం చేసేదక్కా! పిడికెడు బియ్యం ఇట్లే ఉంటాది. సోనా, దోసె బియ్యం, రేషన్‌వి, కేరళవాళ్ళ ఎర్రవి, అన్నీ ఒకే మూటలో. ఒకటి ఉడికేలోపల ఇంకొకటి గంజి. నా గాచారం."

పిడికెడు బియ్యం మా గుడి విచారణలోనూ ఉంది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసి, నెలకొకసారి గుడికి తీసుకెళతాం. అవన్నీ కలిస్తే ఇలా ఉంటాయని ఎన్నడూ తినలేదు గనుక తెలియదు.

అవ్వ తింటోంది. ఒక్కో మెతుకూ విడిగా చూసుకుంటూ, ఆకలిగానే. ఆమెను చూస్తూ నోటికొచ్చింది అడిగాను.

"అవ్వా, ఈ రెండు నెలలూ ఏం తింటా ఉండారు?"

"కంటికి కనపళ్ళేదా? ఇదే."

"ఎవరింటిది?"

ఆమె చెయ్యి కంచంలో ఆగింది. నన్ను చూసింది, ఫిలోమినాను చూసింది. కంచం పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, కాళ్ళు కిందికి దించింది.

"ఆ మూట యాడ ఉండాది? నన్ను ఆడికి తీసకపో."

ఒకవైపు నేను, ఒకవైపు సిస్టర్ పట్టుకున్నాం. వంటింట్లో గోడవారగా మూట నోరు తెరిచి ఉంది. అవ్వ వంగి మణికట్టు దాకా చెయ్యి ముంచింది. అలాగే ఉంచింది, నీళ్ళలో ఉంచినట్టు.

"ఎవురివి ఇవన్నీ?"

"ఎవురివని చెప్పేదవ్వా," అంది ఫిలోమినా. "ఊరందరివీ."

"నేను తిన్నాక నావి కాదా?"

ఆమె తనే చిటికెడు తీసుకుని, మళ్ళీ కొన్ని వెనక్కి వేసి, ఎంచి ఎంచి పిడికిలి మూసింది. మంచం దగ్గరికి వచ్చాక ఆ గింజలు మూలలోకి జార్చింది. నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. కుట్టు ఆమే వేసింది, ఏళ్ళ తరబడి దారాలు కత్తిరించిన చేతులతో. చివరి ముడి దగ్గర ఆగింది. పేరు పలకందే ముడి వెయ్యకూడదు. అది మా ఇద్దరికీ తెలుసు.

"బస్సెక్కిస్తారా?" అంది, సిస్టర్ వైపు చూడకుండా.

సిస్టర్ లూర్దు మంచం పక్కన నేల మీద కూర్చుంది. "మీ అన్నం ఇక్కడుంటే, మీ బొంత ఇక్కడుంటే, మిమ్మల్ని ఎక్కడికి పంపుతామండీ? మీరు లేకపోతే ఫిలోమినా అన్నాన్ని ఇంత శ్రద్ధగా తినేవాళ్ళు ఎవరున్నారు?"

అవ్వ దారం వేలికి చుట్టుకుంది. "చెంగమ్మ," అని ముడి వేసింది. దారం పంటితో తెంపింది.

ఆమె బొంత మెడదాకా లాక్కుని, మధ్యాహ్నం ఎండలో, కిటికీ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి దగ్గు నెమ్మదించింది. హాలంతా కిటికీ నీడలు మంచం నుంచి మంచానికి జరుగుతున్నాయి. పక్క మంచం తమిళామె చెయ్యి ఊపి నన్ను పిలిచి, తన బొంత మూల చూపించింది. తరువాత ఇంకొకామె. భాష రాకపోయినా అందరికీ తెలిసిపోయింది. మూడున్నర దాకా ఒక్కొక్క మూలే విప్పాను, ఒక్కొక్క పేరే విన్నాను. సిస్టర్ బియ్యం గిన్నె పట్టుకుని నా వెంట తిరిగింది.

"మళ్ళీ మొలకెత్తితే నేను ఊరుకోనండీ."

"బియ్యం మొలకెత్తవు సిస్టర్. పొట్టు తీసినవి కదా."

"అయ్యో, ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరూ చెప్పలేదే!" అని నుదురు కొట్టుకుంది.

నా రాగులు వంటింట్లో పోసి వచ్చాను. ఫిలోమినా ఆనందంగానే తీసుకుంది, పొద్దుటి అంబలికట. ఖాళీ సంచిలో ఒక గుప్పెడు మూటబియ్యం వేసి ఇచ్చింది. బయటికి వచ్చేటప్పుడు ఎడమవైపు తల తిప్పాను. మగవాళ్ళ హాలు గుమ్మంలోంచి మా ఆయన పడుకున్న మూడో మంచం కనిపించింది. దాని మీద ఎవరో రేడియో వింటూ కాలు ఊపుతున్నాడు. అలాగే కాసేపు చూసి, చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుని వచ్చేశాను.

శ్రీనివాసప్ప నన్ను మెట్రో దగ్గర దింపాడు. "వచ్చే ఏడు బొంతలతోపాటు మీరూ రాండమ్మా. మీరేమంత బరువు లేరు," అన్నాడు.

ఈ పసుపు లైను కొత్తది, ఆర్.వి. రోడ్డులో మారితే మెజస్టిక్ రైలు స్టేషనుకు నేరుగా చేరుస్తుంది. ట్రాఫిక్ భయం ఉన్నవారు ఇదే ఎక్కండి. హోసూరు రోడ్డు పైన, ఇళ్ళ మిద్దెల ఎత్తున, బండి నిశ్శబ్దంగా తేలిపోతోంది. సాయంత్రపు ఎండలో ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు, ఒక్కొక్క ఇంటి మీదా వేలాడదీసిన క్రిస్మసు నక్షత్రాలు, ఇంకా వెలిగించనివి. బొమ్మనహళ్ళి కింది నుంచి వెళ్ళిపోయింది. ఆ ఉయ్యాలల గది ఎక్కడుందోనని చూశాను. చివర్లో 'రాగిగుడ్డ' అని బోర్డు. పక్కనున్న పెద్దావిడను అడిగితే, గుడ్డ అంటే కన్నడలో గుట్ట అని చెప్పింది: ఎవరో ఇల్లాలు జోలె పట్టినవాళ్ళకు రాగులు పెట్టబోతే అత్త అడ్డుపడిందట, ఆ రాగుల కుప్ప అలాగే గుట్టయిపోయిందట. ఎవరికీ పెట్టని గింజలు రాయయ్యాయన్నమాట. నేను సంచిని ఒడిలో దగ్గరికి తీసుకున్నాను.

ఆరు తర్వాత బండి. ఎక్కుతూనే "అక్కా!" అని కేక. ఖాళీ బుట్టలతో రత్నమ్మ.

"రాగులు అమ్మేసినావా?"

"లేదమ్మా. ఆ అవ్వ నీ పువ్వు దిండు కింద పెట్టుకుంది. నా రాగులు వద్దంది." జరిగిందంతా చెప్పి, సంచిలోంచి గుప్పెడు గింజలు అరచేతిలో పోసి చూపించాను. పెట్టె దీపం కింద రత్నమ్మ వేలితో వాటిని వేరు చేసింది.

"ఇది సోనా. ఇది దోసె బియ్యం. ఈ ఎర్రది కేరళవాళ్ళది. ఈ పొట్టిది చూడు, రేషన్‌ది, దీంట్లో సగం నూక." ఆ పొట్టి గింజ మీద వేలు ఆనించింది. "ఇది మేము తినేదే కదక్కా."

టేకల్‌లో దిగేముందు ఆ పొట్టి గింజలు రెండు తీసి కొంగున ముడి వేసుకుంది. బొంత మూలకేమో.

బంగారుపేట దాటాక పెట్టె ఖాళీ అయింది. కిటికీలో చలి. సిస్టర్ ఫోను. "జ్ఞానమ్మ గారూ, చెంగమ్మ గారు ఇంకా లేవలేదండీ. అన్నానికి పిలిస్తే బొంతలోంచే కసిరారు. ఒళ్ళు ముట్టుకుని చూశాను, వెచ్చగా ఉంది. జ్వరం వెచ్చన కాదు, నిద్ర వెచ్చన." ఆ మాట చెప్పి పెట్టేసింది.

పదకొండేళ్ళు నేను వాళ్ళకు పంపుతున్నానని అనుకున్నాను. వాళ్ళ ఇంటి గింజలు ఇవాళే నా ఇంటికి వస్తున్నాయి. ఇక నుంచి నాలుగో మూల తెరిచే పంపుతాను, ఒక్కో బొంతకు ఒక సూది గుచ్చి. మూయడం వాళ్ళ పని. దేవునికి వందనాలు చెప్పుకుంటూ కొంగు చెవులకు చుట్టుకున్నాను. బండి కుప్పం వైపు మంచులోకి దూరింది, మళ్ళీ చెట్లు ఒక్కొక్కటిగా చూసిపోవడం మొదలుపెట్టాయి.